పందెం నుంచి నిలిపివేసిన గుర్రానికి మళ్లీ అనుమతి తెచ్చుకోవడం ఎలా?

మొన్న చిత్తూరు బెల్లం మండీ నుంచి ఒక యజమాని ఫోన్ చేశారు. బెంగళూరులో పరుగెత్తే ఒక ఆడ గుర్రంలో ఆయనకు నాలుగో వంతు వాటా ఉంది. పందెం ముగిశాక ముక్కు నుంచి రక్తం కనిపించడంతో పందేలు నడిపే క్లబ్బు దాన్ని కొన్నాళ్లపాటు నిలిపివేసింది. "అన్నా, గడువు శుక్రవారంతో తీరుతుంది. శనివారమే తర్వాతి పందానికి ఎంట్రీ ఇప్పించమంటారా?" అని అడిగారు. "రక్తం ఎందుకు వచ్చిందో తేలిందా?" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు.

పలమనేరు దగ్గర మా తోటలో, బెంగళూరు లాయాల నుంచి విశ్రాంతికి వచ్చే గుర్రాలను చూసుకుంటాను. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు నుంచి వాటాదారులు అడిగే ప్రశ్నల్లో సగం ఇలాంటివే. అందుకే వరుసగా రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట. గడువు తీరిన రోజున మనకు దక్కేది పరీక్షకు రమ్మని అడిగే హక్కు మాత్రమే. గుర్రం తయారైందో లేదో అది చెప్పదు. ఈ రెండింటినీ ఒకటనుకోవడం వల్లే గుర్రాలు రెండోసారి నిలిచిపోతాయి.

1. ఎందుకు ఆపారో కాగితం మీద చూడండి

ఫోన్‌లో విన్న మాటతో పని మొదలుపెట్టకండి. స్టీవార్డుల (పందేలను పర్యవేక్షించే అధికారుల) నిర్ణయం గానీ, క్లబ్బు పశు వైద్యాధికారి రాసింది గానీ ట్రైనర్ దగ్గర ఉంటుంది. దాని ఫొటో తెప్పించుకుని, పక్కనే మీ చేత్తో కారణం రాసుకోండి. కారణాలు సాధారణంగా ఈ ఐదు రకాల్లో ఒకటిగా ఉంటాయి.

- వైద్య కారణం: కుంటడం, ముక్కు నుంచి రక్తం, గుండె లయ తప్పడం, గాయం, జ్వరం.
- గేటు (పందెం మొదలయ్యే గడుల చట్రం) కారణం: లోపలికి వెళ్లకపోవడం, లోపల గొడవ చేయడం, తెరిచాక కదలకపోవడం.
- పరుగు తీరు: పక్కకు ఒరిగిపోయి మిగతా గుర్రాలకు అడ్డం రావడం, మధ్యలో ఆగిపోవడం.
- మందు దొరకడం: పందెం తర్వాత తీసిన మూత్రంలో గానీ, రక్తంలో గానీ ఉండకూడనిది కనిపించడం.
- కాగితాల కారణం: పాస్‌పోర్టు, మెడలో పెట్టిన గుర్తింపు చిప్, టీకా, యాజమాన్యం మార్పు, చెల్లించని బకాయిలు.

ఒకే గుర్రం మీద రెండు కారణాలు ఉండవచ్చు. మా దగ్గరికి వచ్చిన ఒక వృషణాలు తీయించిన మగ గుర్రానికి కాలి విషయంలో అనుమతి వచ్చేసింది. అదే పందెం రోజున గేటు గురించి కూడా రాశారన్న సంగతి ఎవరూ చూడలేదు. ఎంట్రీ తిరిగి వచ్చాక గానీ తెలియలేదు. దాంతో మూడు వారాలు పోయాయి.

ట్రైనర్‌ను అడగవలసినవి:

☐ ఎన్ని కారణాలు రాశారు?
☐ గడువు ఏ తేదీ నుంచి లెక్క? పందెం రోజు కలుస్తుందా?
☐ గడువు తీరితే చాలా, పరీక్ష కూడా ఉందా?
☐ పరీక్ష ఎవరి ముందు: పశు వైద్యాధికారి ముందా, స్టార్టర్ (పందెం మొదలుపెట్టించే అధికారి) ముందా, స్టీవార్డుల ముందా?
☐ ఎంట్రీ వేయడానికి ముందే సర్టిఫికెట్ చేతిలో ఉండాలా?

క్లబ్బుతో మాట్లాడవలసింది లైసెన్సు ఉన్న ట్రైనర్. యజమాని నేరుగా ఆఫీసుకు ఫోన్ చేసి ఒత్తిడి తెస్తే పని ముందుకు సాగదు. పైగా ట్రైనర్‌కు చెడ్డ పేరు. మీ ప్రశ్నలు ఆయనకు రాసి పంపండి, సమాధానాలు కూడా రాతలోనే అడగండి.

2. క్యాలెండర్‌ను వెనుక నుంచి నింపండి

ఒక్కో చోట ఒక్కో లెక్క. అమెరికాలో ఇప్పుడున్న జాతీయ నిబంధన ప్రకారం ముక్కు నుంచి రక్తం వస్తే మొదటిసారి 14 రోజులు, 365 రోజుల్లోపు రెండోసారి వస్తే 30, మూడోసారికి 180, నాలుగోసారికి జీవితాంతం నిషేధం. ఈ అంకెలను ఇంటర్నెట్‌లో చూసి మన గుర్రానికి లెక్క కట్టేవాళ్లు ఉన్నారు. అలా చేయకండి. మీ గుర్రం ఏ క్లబ్బు కింద పరుగెత్తిందో ఆ క్లబ్బు నిబంధనల పుస్తకమే ప్రమాణం. అమెరికా లెక్కలో మనం గమనించవలసింది ఒకటుంది. రక్తం మళ్లీ మళ్లీ వస్తే శిక్ష పెరుగుతూ పోతుంది. తొందరపడి దింపిన గుర్రం రెండోసారి రక్తం కారిస్తే, మీరు ఆదా చేసిన పది రోజులకు బదులు నెలలు పోతాయి.

మీరు ఆశించే పందెం తేదీని ముందు రాయండి. అక్కడి నుంచి వెనక్కి రండి. ఎంట్రీలు ముగిసే రోజు, దానికి ముందు సర్టిఫికెట్, దానికి ముందు పరీక్ష, దానికి కనీసం వారం ముందు మన సొంత పరీక్ష, దానికి ముందు గ్యాలప్‌లు (వేగపు పరుగులు), ఆ ముందు నడక. ఇలా నింపుతూ వస్తే మొదటి గడి నేటి తేదీ కంటే వెనక పడుతుందనుకోండి. ఆ పందెం మీది కాదు. తర్వాతి పందెం చూసుకోండి.

3. కుంటడం వల్ల ఆపితే

కాలు ఎక్కడ నొప్పిగా ఉందో తేలకుండా విశ్రాంతి మాత్రమే ఇస్తే, విశ్రాంతి అయ్యాక నొప్పి మళ్లీ మొదలవుతుంది. చూసే పద్ధతి చెబుతాను. యజమాని కూడా నేర్చుకోవచ్చు.

తెల్లవారగానే, ఇంకా పని చేయించకముందు, గట్టి నేల మీదికి తీసుకురండి. మా తోటలో లాయం నుంచి బావి దాకా సిమెంటు దారి ఉంది, దాని మీదే చూస్తాం. సైసు (గుర్రాన్ని చూసుకునే పనివాడు) పగ్గం వదులుగా పట్టుకుని గుర్రాన్ని మెల్లగా పరుగెత్తించాలి. పగ్గం బిగించి పట్టుకుంటే తల కదలిక దాగిపోతుంది.

తల చూడండి. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు తగిలినప్పుడు కిందికి దిగుతుంది. వెనుక కాలైతే తుంటి చూడాలి. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా ఎగసి పడుతుంది. తర్వాత కళ్లు మూసుకుని వినండి. నాలుగు లాడాల చప్పుడు ఒకే బరువుతో పడాలి. ఒక దెబ్బ మెత్తగా వినిపిస్తే ఆ కాలి మీద గుర్రం బరువు వేయడం లేదని అర్థం. మా దగ్గర పనిచేసే పెద్ద సైసుకు ఇప్పుడు చూపు మందగించింది. అయినా సిమెంటు మీద చప్పుడు విని "ఎడమ ముందుది, సార్" అంటే, ఇంతవరకు తప్పలేదు.

తర్వాత చేత్తో చూడాలి. డెక్క వేడిగా ఉందా? గిట్ట పై కీలు వెనుక వేలు పెడితే నాడి కొట్టుకోవడం గట్టిగా తెలుస్తోందా? రెండూ ఉంటే ముందు డెక్కలో చీము పట్టిందేమో, లాడం మేకు మెత్తటి భాగానికి దగ్గరగా దిగిందేమో చూపించండి. ఇది చాలా సార్లు తేలికగా తీరిపోయే సమస్య. లాడం కొట్టిన రెండు మూడు రోజుల్లోనే కుంటడం మొదలైతే మొదటి అనుమానం మేకు మీదే పెట్టుకోండి.

స్నాయువు దెబ్బతింటే అది వేరే లెక్క. ముంగాలు వెనుక నిలువుగా దిగే స్నాయువు వాస్తే, ఆ వాపు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది, గుర్రం కుంటదు. లోపలి పోగులు అతుక్కోవడానికి మాత్రం 9 నుంచి 12 నెలలు పట్టవచ్చు. యజమానులు మోసపోయేది ఈ చోటే. వాపు తగ్గిందని కాదు, అల్ట్రాసౌండ్‌లో పోగులు కుదిరాయని చూసి దింపాలి. మొదటి రోజున ఒక అల్ట్రాసౌండ్, మధ్యలో ఒకటి, వేగంగా పరుగెత్తించే ముందు ఒకటి తీయించండి. మూడూ ఒకే వైద్యుడు తీస్తే పోల్చి చూడటం సులువు.

రెండో అభిప్రాయం కావాలనుకునేవారు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశు వైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఆసుపత్రిలో అడగవచ్చు. అక్కడి అభిప్రాయం మీ చికిత్సకు పనికొస్తుంది. పందానికి అనుమతి ఇచ్చేది మాత్రం క్లబ్బు పశు వైద్యాధికారే.

4. ముక్కు నుంచి రక్తం వచ్చి ఆపితే

గుర్రం పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో ఒత్తిడి బాగా పెరిగి, కొన్ని చిట్లుతాయి. చాలా గుర్రాల్లో ఆ రక్తం లోపలే ఉండిపోతుంది. కొన్నిటికి ముక్కు దాకా వస్తుంది. మనకు కనిపించేది ఈ రెండో రకమే.

మొదటి పని: రక్తం ఊపిరితిత్తుల నుంచే వచ్చిందని తేల్చుకోవడం. గొంతు పక్కన ఉండే గాలి సంచుల్లో బూజు పట్టినా ముక్కు నుంచి రక్తం వస్తుంది. అది ప్రాణం మీదికి తెచ్చేది. విశ్రాంతిగా నిలబడి ఉన్న గుర్రానికి రక్తం కారితే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి పిలవండి.

రెండో పని: ఎండోస్కోపీ, అంటే ముక్కు గుండా కెమెరా గొట్టం పంపి లోపల చూడటం. దీనికి వేళ ముఖ్యం. గట్టిగా పరుగెత్తించిన తర్వాత అరగంట నుంచి గంటన్నర లోపు చూడాలి. మరుసటి రోజు చూసి "శుభ్రంగా ఉంది" అంటే దానికి విలువ లేదు. గొట్టం లోపలికి వెళ్లాక తెర మీద గాలి గొట్టం గులాబీ రంగులో కనిపిస్తుంది. రక్తం ఉంటే అడుగు భాగంలో కుంకుమ గీత గీసినట్టు ఒక చార ఉంటుంది. చార ఒకటా, రెండా, గాలి గొట్టం సగం నిండిందా అన్న దాన్ని బట్టి 0 నుంచి 4 వరకు అంకె వేస్తారు. ఆ అంకెను రాయించుకోండి. తర్వాతి పరీక్షతో పోల్చడానికి అదే ఆధారం.

మూడో పని: గాలి బాగుచేయడం. ఇది డబ్బుతో కాదు, శ్రద్ధతో జరిగే పని.

☐ ఎండుగడ్డిని పది నుంచి ముప్పై నిమిషాలు నీళ్లలో నానబెట్టి, నీరు కారిపోయాక వేయాలి.
☐ మేత నేల మీదే పెట్టాలి. తల దించి తింటే గొంతులో చేరినది ముక్కు గుండా బయటికి జారుతుంది.
☐ కింద పరిచిన గడ్డి దులిపేటప్పుడు, ఊడ్చేటప్పుడు గుర్రం లాయంలో ఉండకూడదు.
☐ బూజు వాసన ఉన్న వరిగడ్డి లాయం దరిదాపుల్లో ఉండకూడదు.
☐ పైన వెంటిలేటర్లు తెరిచే ఉంచాలి. చలికాలంలో కూడా.
☐ దగ్గు, ముక్కు చీమిడి ఉంటే ముందు దానికి చికిత్స పూర్తి చేయాలి.

మాది మిట్ట ప్రాంతం, గాలి కాస్త చల్లగా ఉంటుంది. అందువల్ల ఇక్కడికి పంపితే చాలని కొందరు అనుకుంటారు. నిజం చెబుతున్నాను, దుమ్ము లాయంలో కట్టేస్తే పలమనేరు గాలి కూడా ఏమీ చేయలేదు.

5. గేటు కారణంతో ఆపితే

గేటు భయం ఉన్న గుర్రాన్ని కొట్టి లోపలికి తోస్తే ఆ రోజు వెళుతుంది, పందెం రోజున వెళ్లదు. ముందు ఒళ్లు చూడండి. తుంటి మీద, డొక్కల మీద రాపిడి గాయం, వాపు, పాత దెబ్బ ఉన్నాయేమో తడమండి. మా దగ్గరికి వచ్చిన ఒక పిల్ల గుర్రాన్ని మొండిదని రాసి పంపారు. జీను కింద పట్టీ దగ్గర అరచేతి మేర పుండు మానుతూ ఉంది. గేటు పక్క కమ్మీ సరిగ్గా అక్కడే తగిలేది. పుండు మానాక పన్నెండు రోజుల్లో అది తనంతట తాను లోపలికి నడిచింది.

ఒంట్లో నొప్పి లేదని తేలాక ఈ వరుసలో వెళ్లండి. ఒక మెట్టు మీద గుర్రం మూడు రోజులు వరుసగా ప్రశాంతంగా ఉంటేనే తర్వాతి మెట్టు.

- ముందూ వెనకా తలుపులు తెరిచి, సైసు వెంట నడిచి దాటిపోవడం.
- మధ్యలో ఆగి, గుప్పెడు మేత తిని, దాటిపోవడం.
- ముందు తలుపు మూసి, వెనుక తెరిచి నిలబడటం.
- రెండూ మూసి పది లెక్కపెట్టి, చేత్తో తెరిచి నడిపించడం.
- రౌతు ఎక్కి ఇదంతా మళ్లీ చేయడం.
- పక్క గడిలో నెమ్మదైన గుర్రాన్ని నిలబెట్టి చేయడం.
- గంట మోగి తలుపు తెరుచుకోగానే మెల్లగా బయటికి రావడం.
- చివరగా, రెండు గుర్రాలతో కలిసి వేగంగా దూకడం.

రోజుకు రెండు సార్లు చాలు. బాగా చేసిన చోటే ఆపాలి. ఇంట్లో గేటు లేనివారు రెండు వెదురు కంచెల మధ్య ఇరుకు దారి కట్టి మొదటి మెట్లు నేర్పవచ్చు. తలుపు చప్పుడుకు మాత్రం క్లబ్బు గేటు దగ్గరే అలవాటు చేయాలి. కనుక పరీక్షకు రెండు వారాల ముందే గుర్రం అక్కడ ఉండేలా చూసుకోండి.

పరుగు తీరు కారణంతో ఆపిన గుర్రానికి పళ్లు, నోరు ముందు చూపించండి. పదునెక్కిన పంటి అంచు బుగ్గకు గుచ్చుకుంటుంటే గుర్రం కళ్లెం నుంచి తప్పించుకోవడానికి ఒక పక్కకు లాగుతుంది.

6. మళ్లీ పనిలోకి తెచ్చే వారాలు

ఊపిరి, కండరం త్వరగా తిరిగి వస్తాయి. ఎముక ఆలస్యంగా గట్టిపడుతుంది. గుర్రం ఉత్సాహంగా గంతులు వేస్తోందని వేగం పెంచితే దెబ్బ తగిలేది ఎముకకే. రెండు నెలలకు మించి విశ్రాంతిలో ఉండి వచ్చిన గుర్రాల్లో భుజం కింది ఎముకకు సన్నని చీలికలు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ చీలిక ఒక రోజు గ్యాలప్‌లో పూర్తిగా విరిగిపోతుంది. అలాంటి ఉదయం ఒక్కటి చూసినవాళ్లెవరూ ఇక తొందరపడరు.

రెండు నెలలు ఆగిన గుర్రానికి నేను పాటించే వరుస ఇది. మీ వైద్యుడు మారిస్తే ఆయన మాటే చెల్లుతుంది.

- 1, 2 వారాలు: చేత్తో పట్టుకుని నడక. 20 నిమిషాలతో మొదలుపెట్టి 45 దాకా.
- 3, 4 వారాలు: రౌతు ఎక్కి నడక, మధ్యలో ట్రాట్ (మెల్లటి పరుగు).
- 5, 6 వారాలు: నెమ్మదైన క్యాంటర్ (ట్రాట్‌కూ గ్యాలప్‌కూ మధ్య పరుగు). రోజు విడిచి రోజు.
- 7వ వారం: మొదటిసారి కాస్త వేగం, అదీ తక్కువ దూరం.
- 8వ వారం నుంచి: అయిదు నుంచి ఏడు రోజులకు ఒక గట్టి గ్యాలప్. మధ్య రోజుల్లో తేలిక పని.

ఉదయం పనికి ముందు మూడు అంకెలు రాయాలి. విశ్రాంతిలో గుర్రం ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్, గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, ఊపిరి 8 నుంచి 16 సార్లు ఉండాలి. మీ గుర్రం రోజూ 32 కొట్టుకుని ఒక ఉదయం 42 కొట్టుకుంటే, అది హద్దులోనే ఉన్నా ఆ రోజు పని చేయించకండి.

మేత కూడా పనితో పాటే పెరగాలి. విశ్రాంతిలో ఉన్న గుర్రానికి ఉలవలు, ఓట్స్ పాత కొలతలోనే పోస్తే కాళ్లు వాస్తాయి, కడుపు నొప్పి వస్తుంది. మార్పు ఏదైనా వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా చేయండి.

7. మందుల నోటు పుస్తకం

ఇందులో నేను ఎవరి మాటా వినను. గుర్రం ఒంట్లోకి వెళ్లే ప్రతిదీ, ఒంటి మీద రాసే ప్రతిదీ పుస్తకంలో ఉండాలి: తేదీ, వేళ, పేరు, మోతాదు, ఎవరు ఇచ్చారు, ఎందుకు.

ఒక మందు ఇన్ని రోజులు బయటపడుతుందని అచ్చులో కనిపించే అంకె కొన్ని గుర్రాల మీద చేసిన పరీక్షలది. మీ గుర్రం ఒళ్లు ఇంకా నెమ్మదిగా వదిలించుకోవచ్చు. అందుకే వైద్యుడు ఆ అంకెకు మరికొన్ని రోజులు కలిపి చెబుతారు. మీరు పాటించవలసింది ఆ రెండో అంకె. ప్రొకెయిన్ (మొద్దుబార్చే మందు) కలిసిన పెన్సిలిన్ విషయంలో మరీ జాగ్రత్త. గాయానికి వేసిన మామూలు సూదే అయినా, అందులోని ప్రొకెయిన్ చాలా రోజులు మూత్రంలో కనిపిస్తుంది.

మందు ఇవ్వకపోయినా మందు దొరికే దారులు ఉన్నాయి.

☐ ఉమ్మెత్త: పొలం గట్ల మీద పెరిగేదే. గడ్డి కోసేటప్పుడు ఒక్క మొక్క కట్టలో పడినా చాలు.
☐ టీ, కాఫీ, చాక్లెట్: సైసు తాగిన గ్లాసు తొట్టిలో కడగకూడదు.
☐ గసగసాలు: వంటింటి మిగులు, మిఠాయిలు గుర్రానికి పెట్టకూడదు.
☐ కర్పూరం కలిసిన నొప్పి తైలాలు, బామ్‌లు: సైసు చేతికి రాసుకున్నా, కడుక్కున్నాకే గుర్రాన్ని తాకాలి.
☐ మనుషుల మాత్రలు: పని వాళ్లు లాయంలో మూత్రం పోస్తే, వాళ్లు వేసుకున్న మందు తడిసిన గడ్డి ద్వారా గుర్రంలోకి వెళుతుంది.

తిరుపతి నుంచి వచ్చే యజమానులకు ప్రత్యేకంగా ఒక మాట. భక్తితో తీర్థం, ప్రసాదం తెస్తారు. తీర్థంలో పచ్చకర్పూరం ఉంటుంది. గుర్రానికి దూరం నుంచే దండం పెట్టించి, ప్రసాదం సైసు కుటుంబానికి ఇవ్వండి. వాళ్లు సంతోషిస్తారు, గుర్రమూ క్షేమంగా ఉంటుంది.

8. కాగితాలు, రక్త పరీక్షలు, ప్రయాణం

పాస్‌పోర్టులోని గుర్తులను గుర్రం పక్కన నిలబడి సరిచూడండి. నుదుటి చుక్క, కాలి తెలుపు, సుడులు. చిప్ రీడర్‌తో 15 అంకెలు చదివించి ఒక్కొక్క అంకె పోల్చండి. మెడ ఎడమ పక్కన దొరకకపోతే కుడి పక్కన కూడా చూడాలి, చిప్ కాస్త జరగవచ్చు. తేడా ఉంటే ట్రైనర్ ద్వారా పుణెలోని స్టడ్ బుక్ (పందెపు గుర్రాల వంశావళి నమోదు) అధికారులకు రాయించాలి. ఇది ఒక్క రోజులో తేలే పని కాదు, కాబట్టి ముందే మొదలుపెట్టండి.

క్లబ్బు ఆవరణ దాటి బయటికి వచ్చిన గుర్రం తిరిగి లోపలికి వెళ్లాలంటే గ్లాండర్స్ (గుర్రాలకు వచ్చే ఒక అంటువ్యాధి), గుర్రాల అంటు రక్తహీనత వ్యాధి లేవని రక్త పరీక్ష చూపించవలసి ఉంటుంది. గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల్లో ఇది ఒకటి. ఈ పరీక్షలకు దేశంలో ప్రధాన కేంద్రం హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. నమూనా అంత దూరం వెళ్లి ఫలితం రావడానికి పట్టే రోజులను క్యాలెండర్‌లో వేసుకోవాలి. మరీ ముందుగా తీయిస్తే చేరేలోపు సర్టిఫికెట్ గడువు తీరిపోతుంది. ఆ గడువు ఎన్నాళ్లో క్లబ్బును అడిగాకే రక్తం తీయించండి. ఇన్‌ఫ్లుయెంజా, ధనుర్వాతం టీకాల తేదీలు కూడా పాస్‌పోర్టులో ఉండాలి, చిట్టీల మీద కాదు.

చిత్తూరు నుంచి బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లు, తిరుపతి నుంచి సుమారు 250. మొగిలి ఘాట్ మలుపుల్లో డ్రైవరు నెమ్మదిగా పోవాలని ముందే చెప్పండి. మలుపు తిరిగిన ప్రతిసారీ గుర్రం నాలుగు కాళ్లూ బిగపట్టి నిలబడుతుంది. ఆ అలసట దిగాక తెలుస్తుంది. తెల్లవారుజామునే ఎక్కించండి. తల పైకి ఎత్తి బిగించి కట్టవద్దు. గంటల తరబడి తల దించలేని గుర్రానికి ఊపిరితిత్తుల జ్వరం వస్తుంది. తిరుపతి వాళ్లు పలమనేరు దగ్గర ఆపి, నీళ్లు పెట్టి, తల దించనివ్వండి. ప్రయాణానికి తగినట్టు ఉందన్న పశు వైద్యుడి సర్టిఫికెట్ డ్రైవరు చేతిలో ఉండాలి. పెట్టెలో దాచితే నంగలి సరిహద్దు దగ్గర వెతుక్కోవలసి వస్తుంది.

చేరాక మూడు రోజులు ఉదయం, సాయంత్రం వేడి చూడాలి. 38.5 దాటితే ఆ వారం పరీక్ష లేదు.

9. పరీక్ష రోజు

వారం ముందు మన సొంత వైద్యుడితో అదే పరీక్ష ఒకసారి చేయించండి. గట్టి నేల మీద పరుగు, గుండ్రంగా తిప్పడం, గ్యాలప్, తర్వాత ఎండోస్కోపీ. ఇక్కడ తప్పితే ఎవరికీ తెలియదు. అక్కడ తప్పితే రికార్డులోకి ఎక్కుతుంది.

☐ లాడాలు అయిదారు రోజుల ముందు మార్చాలి, ముందురోజు కాదు.
☐ పాస్‌పోర్టు, నిలుపుదల కాగితం, అల్ట్రాసౌండ్ చిత్రాలు, మందుల పుస్తకం ఒకే సంచిలో.
☐ రోజూ ఎక్కే రౌతే ఎక్కాలి.
☐ రోజూ పట్టే సైసే పట్టాలి.
☐ నొప్పి తగ్గించే మందు ఏదీ ఒంట్లో ఉండకూడదు. పరీక్ష తర్వాత కూడా నమూనా తీయవచ్చు.
☐ వైద్యాధికారి అడిగినదానికే సమాధానం, ఉన్నది ఉన్నట్టు.

వైద్యాధికారి "మరో రెండు వారాలు" అంటే వాదించకండి. ఏ కాలు, ఏ అడుగులో, ఎంత కనిపించిందో అడిగి రాసుకోండి. అది ఉచితంగా దొరికిన మంచి సలహా.

10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి దారి

*గుర్రం మెత్తటి ఇసుకలో బాగుంది, క్లబ్బులో కుంటింది.* ఇసుక నొప్పిని దాస్తుంది. ఇంటి దగ్గరే రోజు విడిచి రోజు గట్టి నేల మీద చూడండి.

*పరీక్షలో నెగ్గింది, మరుసటి ఉదయం కాలు వాచింది.* దాచకండి. ట్రైనర్ ద్వారా వెంటనే తెలియజేయండి. ఒక వాటాదారు దాచమన్నారు. ఆ గుర్రం తర్వాతి గ్యాలప్‌లోనే స్నాయువు తెంచుకుంది. ఇప్పుడు మా తోటలో గడ్డి మేస్తోంది, ఇక పరుగెత్తదు.

*వాటాదారులు నలుగురు, నాలుగు మాటలు.* క్లబ్బు విషయంలో ఒక్కరే మాట్లాడాలని మొదటి రోజే రాసుకోండి. మిగతా ముగ్గురికి ఆ ఒక్కరు వారానికోసారి చెప్పాలి.

*అనుమతి రాగానే దూరపు పందెంలో పేరు ఇచ్చారు.* మొదటిసారి తక్కువ దూరం, సుపరిచితమైన ట్రాక్, వీలైతే ముందు ఒక మాక్ రేస్ (సాధన పందెం).

చిత్తూరు యజమాని శనివారం ఎంట్రీ ఇప్పించలేదు. గ్యాలప్ తర్వాత ఎండోస్కోపీ చేయిస్తే సన్నని చార ఒకటి కనిపించింది. ఇప్పుడు ఆ ఆడ గుర్రం నానబెట్టిన గడ్డి తింటోంది, రెండో పరీక్ష పద్దెనిమిది రోజుల తర్వాత. మీ గుర్రం కూడా పందెంలో దిగి వచ్చాక అదే సాయంత్రం వేడి, మరుసటి ఉదయం కాళ్లు, మూడో రోజు ఉదయం సిమెంటు దారి మీద పరుగు చూసి, ఆ మూడూ పుస్తకంలో రాయండి.